పిడుగు చెట్టు మీద, దెబ్బ టీవీ మీద!

మే నెల సాయంత్రం. పొద్దుటినుంచీ కాసిన ఎండకు గోడలు కూడా సెగలు కక్కుతున్నాయి. నాలుగు గంటలయ్యేసరికి పడమట నల్లటి మబ్బు లేచింది. ఈదురుగాలి, దుమ్ము, వెనకనే పెద్ద పెద్ద చినుకులు. అంతలో కళ్ళు మిరుమిట్లు గొలిపే మెరుపు, ఇల్లు అదిరిపోయేటంత ఉరుము! రెండిళ్ళ అవతల దొడ్లో ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వు భగ్గున మండింది.

బామ్మ అర్జునుడి పేర్లు తలుచుకుంది. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ "హమ్మయ్య" అనుకున్నారు. గంట తర్వాత వాన వెలిసింది. పోయిన కరెంటు వచ్చింది. టీవీ పెట్టారు. తెర వెలగలేదు. లోపలినుంచి కాలిన వాసన మాత్రం వచ్చింది.

"పిడుగు పడింది చెట్టు మీద కదా, మన టీవీ ఎందుకు పోయింది? పైగా మబ్బు పట్టగానే నేను స్విచ్చి కట్టేశానే!"

ఇలాంటి అనుభవం మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే టీవీ దక్కుతుంది. అంతకంటే ముఖ్యం, ఒక్కోసారి ప్రాణమూ దక్కుతుంది. ఎలాగో చూద్దాం.

పిడుగు ఎంతటిది?

ఉరుముల మబ్బులో మంచు పలుకులు పైకి లేస్తుంటాయి, కాస్త బరువైన మంచు ఉండలు కిందికి జారుతుంటాయి. దారిలో అవి ఒకదానినొకటి రాసుకుంటాయి. ఆ రాపిడివల్ల మబ్బు పైభాగంలో ధనావేశం, అడుగుభాగంలో ఋణావేశం పోగవుతాయి. ఎండిన తలను ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి కాగితం ముక్కలను ఆకర్షించే ఆట మీకు తెలుసు కదా! ఆ ఆటనే మబ్బు కొన్ని కిలోమీటర్ల మేర ఆడుతుందన్నమాట.

గాలి మామూలుగా విద్యుత్తును పోనివ్వదు. కాని సెంటీమీటరుకు సుమారు 30,000 వోల్టుల ఒత్తిడి పడితే పొడిగాలి కూడా లొంగిపోతుంది. అలా లొంగిన దారివెంట మబ్బుకూ నేలకూ మధ్య విద్యుత్తు ఒక్కసారిగా ప్రవహిస్తుంది. అదే పిడుగు. మామూలు పిడుగులో ప్రవాహం 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. మన ఇంట్లో ఫ్యాను అర ఆంపియరు కూడా తీసుకోదు! ఆ దారిలో గాలి సుమారు 30,000 డిగ్రీల వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం కంటే ఇది అయిదురెట్లు ఎక్కువ.

ఇంకొక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ ప్రవాహం సున్నానుంచి శిఖరానికి చేరడానికి కొన్ని మైక్రోసెకన్లు చాలు. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలవ వంతు. టీవీ కథలో అసలు కీలకం ఇక్కడే ఉంది.

తీగ వెంట ఇంట్లోకి

తీగ ఒకటి దొరికితే పిడుగు గదిలోకి కూడా వస్తుందని సైన్సు చాలా ప్రియమైన వెల చెల్లించి నేర్చుకుంది.

1752 మే నెలలో ఫ్రాన్సులో దాలిబార్ అనే ఆయన, అమెరికాలోని బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచించిన పద్ధతిలో పొడుగాటి ఇనుప కడ్డీ నిలబెట్టి, మబ్బులో ఉన్నది విద్యుత్తేనని రుజువు చేశాడు. ఆ వార్త యూరపు అంతటా పాకింది. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో రిఖ్మన్ అనే ఆచార్యుడు ఆ విద్యుత్తును కొలవాలనుకున్నాడు. ఇంటికప్పు మీద ఇనుప కడ్డీ నిలబెట్టి, దాన్నుంచి తన గదిలోకి తీగ లాగాడు. తీగ కొసన కొలిచే పరికరం అమర్చాడు. అయితే ఆ తీగను భూమికి కలపలేదు. కలిపితే విద్యుత్తు భూమిలోకి పోతుంది, ఇక కొలవడానికేమీ మిగలదు మరి!

1753 ఆగస్టు 6న ఉరుములు మొదలయ్యాయి. రిఖ్మన్ గబగబా ఇంటికి వచ్చి పరికరం వైపు వంగి చూస్తున్నాడు. ఒక్కసారిగా నిప్పుబంతి లాంటి వెలుగు ఆయన నుదుటిని తాకింది. ఆయన అక్కడికక్కడే మరణించాడు. పక్కనే నిలబడ్డ చిత్రకారుడు సొకొలోవ్ కింద పడిపోయాడు కాని, బతికి బయటపడ్డాడు.

పిడుగు గదిలోకి వచ్చింది, భూమిలోకి పోవడానికి దారి కనబడలేదు. దగ్గరలో ఉన్న మనిషినే దారి చేసుకుంది. ఈ ఒక్క సంఘటనలో మన పాఠమంతా ఉంది. ఇప్పుడు మన ఇంటినే చూడండి. స్తంభం నుంచి కరెంటు తీగ, డాబా మీది డిష్ నుంచి టీవీ కేబులు, కొన్ని ఇళ్ళలో టెలిఫోను తీగ. ఎన్ని తీగలు లోపలికి వస్తున్నాయో!

మూడు దారులు

*మొదటి దారి:* పిడుగు నేరుగా కరెంటు లైను మీదనో, డిష్ మీదనో పడటం. అప్పుడు వోల్టేజి పోటు తీగ వెంట వరదలా వచ్చేస్తుంది. ఇది ఎవరికైనా తెలిసేదే.

*రెండో దారి:* ఇది కొంచెం తమాషాగా ఉంటుంది. ఏ తీగా పిడుగును తాకనక్కరలేదు. విద్యుత్తు ప్రవహించేచోట చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. అది మారితే పక్కనున్న వలయంలో వోల్టేజి పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్నాడు. మీరు పాఠంలో చదివే ఉంటారు. మీ టీవీ దగ్గరికి రెండు తీగలు వస్తాయి. ఒకటి మీటరు బోర్డు నుంచి, ఒకటి డాబా నుంచి. ఆ రెండింటి నడుమ ఉన్న జాగా పెద్ద వలయంలాంటిదే. అది 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు ఉందనుకోండి. 100 మీటర్ల దూరంలో 30,000 ఆంపియర్ల పిడుగు పడిందనుకోండి. ఇక లెక్క కడదాం.

పిడుగును నిటారైన పొడుగాటి తీగ అనుకుంటే, 100 మీటర్ల దూరంలో అయస్కాంత క్షేత్రం 0.00006 టెస్లా. భూమి అయస్కాంత క్షేత్రం కూడా ఇంచుమించు అంతే. వలయం వైశాల్యం 30 చదరపు మీటర్లు. కాబట్టి దాని గుండా పోయే అభివాహం 0.0018 వెబర్లు. "ఓస్, ఇంతేనా!" అంటారు. కాని ఇదంతా 2 మైక్రోసెకన్లలో పుట్టింది. అభివాహాన్ని కాలంతో భాగించండి. 900 వోల్టులు!

వోల్టేజిని నిర్ణయించేది క్షేత్రం ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, ఎంత త్వరగా మారిందన్నది కూడా. టీవీ లోపలి చిప్పులు 5 వోల్టులతోనో, అంతకంటే తక్కువతోనో పనిచేస్తాయి. వాటికి 900 వోల్టులు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

*మూడో దారి:* నేల గుండా వచ్చేది. కొబ్బరిచెట్టు వేళ్ళనుంచి 30,000 ఆంపియర్లు నేలలోకి దిగాయి. అక్కడి నేల నిరోధం 10 ఓమ్‌లు అనుకుంటే, ఓమ్ నియమం ప్రకారం 30,000ను 10తో గుణించాలి. 3 లక్షల వోల్టులు! చెట్టు మొదట్లో అంత ఉండి, దూరం పోయినకొద్దీ తగ్గుతుంది. అంటే ఆ కొన్ని మైక్రోసెకన్లలో నేల అంతా ఒకే వోల్టేజిలో ఉండదు. పిడుగు పడ్డ చెట్టుకింద ఆవులూ గేదెలూ చనిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. వాటి ముందుకాళ్ళకూ వెనకకాళ్ళకూ మధ్య వోల్టేజి తేడా వస్తుంది. మన ఇంట్లో కరెంటు ఎర్త్ ఒకచోట, డిష్ ఎర్త్ ఇంకొకచోట ఉంటే, ఆ రెండింటి మధ్యా అలాగే తేడా వస్తుంది. ఆ రెండు తీగలూ కలిసేది ఎక్కడ? టీవీలో!

స్విచ్చి, ఫ్యూజు, స్టెబిలైజరు ఏమయ్యాయి?

స్విచ్చి కట్టేస్తే లోపల ఏర్పడే ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే. ఇందాకటి లెక్క ప్రకారం 3 మిల్లీమీటర్ల గాలి సుమారు 9,000 వోల్టుల వరకే ఆపగలదు. మబ్బునుంచి కిలోమీటర్లు దూకి వచ్చినదానికి ఆ ఖాళీ ఒక లెక్కా? పైగా గోడమీది స్విచ్చి మామూలుగా ఫేజు తీగను మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్, ఎర్త్ కలిసే ఉంటాయి. డిష్ కేబులు సంగతి స్విచ్చికి అసలే పట్టదు.

ఫ్యూజు తీగ వేడెక్కి కరగాలి. అందుకు సెకనులో వెయ్యోవంతులు కావాలి. పిడుగు పోటు అంతకంటే ఎంతో ముందే వచ్చి వెళ్ళిపోతుంది. దొంగ పారిపోయాక తలుపు వేసినట్టన్నమాట. స్టెబిలైజరుదీ అదే పరిస్థితి. మెల్లగా పెరిగి తగ్గే వోల్టేజిని అది సరిచేస్తుంది కాని, మైక్రోసెకన్ల పోటును అందుకోలేదు.

"మా డాబా మీద పిడుగు కడ్డీ ఉందిగా?" అంటారేమో. కడ్డీ గోడలను కాపాడుతుంది, ఇంటికి నిప్పు అంటుకోకుండా చూస్తుంది. కాని పిడుగు ఆ కడ్డీ వెంట దిగేటప్పుడు కూడా చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కాబట్టి ఇంటికి కడ్డీ ఉన్నంత మాత్రాన టీవీకి భరోసా లేదు.

చెరువుకు అలుగు, ఇంటికి సర్జ్ ప్రొటెక్టరు

మరి ఉపాయం లేదా? ఉంది. అది మన పల్లెల్లో వందల ఏళ్ళుగా ఉన్న ఉపాయమే!

చెరువు చూడండి. ఎంత వాన కురిసినా కట్ట తెగకుండా పెద్దలు ఏం చేశారు? కట్ట కంటే తక్కువ ఎత్తులో ఒకచోట అలుగు కట్టారు. కొన్ని ప్రాంతాల్లో దీన్నే మత్తడి అనీ, మరవ అనీ అంటారు. నీళ్ళు ఆ మట్టానికి లోపల ఉన్నంతసేపు అలుగు గోడలా ఊరుకుంటుంది. మట్టం దాటితే ఎక్కువైన నీరు దాని మీదుగా దొర్లి వాగులోకి పోతుంది. కట్ట నిలుస్తుంది.

సర్జ్ ప్రొటెక్టరు లోపల ఉండే వేరిస్టరు అచ్చంగా అలుగే. జింకు ఆక్సైడు పొడిని బిళ్ళగా నొక్కి, కాల్చి దీన్ని తయారుచేస్తారు. జింకు ఆక్సైడుకున్న ఈ గుణాన్ని 1960ల చివర జపానులో మత్సుషిత సంస్థలో పనిచేసిన మిచియో మత్సుఒకా బయటపెట్టాడు. మామూలు 230 వోల్టుల దగ్గర ఆ బిళ్ళ కరెంటును దాదాపు పోనివ్వదు. వోల్టేజి హద్దు దాటిందా, మైక్రోసెకను లోపలే దాని నిరోధం పడిపోతుంది. పోటును పక్కకు మళ్ళించి భూమిలోకి పంపుతుంది.

అయితే మూడు సంగతులు మరచిపోకూడదు.

ఒకటి. అలుగు ఉన్నా వాగు పూడిపోతే ఏం లాభం? ఇక్కడ వాగు అంటే ఎర్త్ తీగ. ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో సర్జ్ ప్రొటెక్టరు పెట్టడం వాగులేని అలుగు కట్టడమే. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టులో ఇరికిస్తే వాగుకు అడ్డుకట్ట వేసినట్టే. ఇంకో చిత్రం చూడండి. తొలి ఉరుముల వానలు వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే నేల బాగా ఎండి, ఎర్త్ గుంత నిరోధం పెరిగి ఉంటుంది. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేయడం, ఎండాకాలంలో నీళ్ళు పోయడం అందుకే. కాని తీగలు, మీటరు బోర్డు మీరు ముట్టుకోకండి. ఆ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుదే.

రెండు. ఇంట్లోకి వచ్చే లోహపు తీగలన్నిటికీ ఎర్త్ ఒకచోటే కలిసి ఉండాలి. కరెంటు తీగ మీద వాలిన పిట్టకు షాకు కొట్టదు. ఎందుకు? దాని రెండు కాళ్ళూ ఒకే వోల్టేజిలో ఉంటాయి కాబట్టి. టీవీకి వచ్చే తీగలన్నీ కలిసి పైకి లేచి, కలిసి దిగితే టీవీకీ దాదాపు అంతే క్షేమం.

మూడు. పెద్ద పోట్లు తగిలినకొద్దీ వేరిస్టరు అరిగిపోతుంది. బజారులో స్పైక్ గార్డు పేరుతో అమ్మేవాటిలో కొన్ని ఎర్రదీపం ఉన్న మామూలు బోర్డులే. పోటును ఆపే భాగం ఉందో లేదో, ఎన్ని జౌళ్ళ శక్తిని తట్టుకుంటుందో లేబులు మీద చదివి కొనాలి. మీటరు బోర్డు దగ్గర పెద్దది ఒకటి, టీవీ దగ్గర చిన్నది ఒకటి ఉంటే మంచిది.

పిడుగు లేకుండా కూడా

గాలివానలో ఇంకో ప్రమాదముంది. స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే వీధిలోని కొన్ని ఇళ్ళకు 230 వోల్టుల బదులు చాలా ఎక్కువగా, రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టుల దగ్గరి దాకా రావచ్చు. ఇది మైక్రోసెకన్ల పోటు కాదు. నిమిషాలు, గంటలు కూడా ఉండవచ్చు. అంతసేపు పొర్లితే అలుగే కొట్టుకుపోతుంది, అంటే వేరిస్టరే కాలిపోతుంది. దీనికి వోల్టేజి హద్దు దాటగానే కరెంటు కట్టేసే వేరే సాధనం కావాలి. బల్బులు ఉన్నట్టుండి మరీ ప్రకాశవంతంగా వెలిగితే వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి మెయిన్ కట్టించండి.

అన్నిటికంటే గట్టి ఉపాయం

ఇన్ని చెప్పాక అన్నిటికంటే గట్టి ఉపాయం చెబుతాను. దానికి పైసా ఖర్చు లేదు. ప్లగ్గు పీకేయడం! ప్లగ్గు పీకి, డిష్ కేబులు కూడా విప్పి, రెండింటినీ టీవీకి దూరంగా పెడితే, ఏ తీగ వెంట వచ్చే పోటూ దాన్ని చేరదు. ఇంటర్నెట్టు గాజుపోగు ద్వారా వస్తుంటే ఆ పోగు గుండా పోటు రాదు. కాని ఆ పెట్టెకు కరెంటు ప్లగ్గు ఉంటుంది కదా, దాన్నీ పీకాలి.

అయితే ఎప్పుడు పీకాలి? ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మబ్బు కమ్ముతుండగానే పీకాలి. ఉరుములు మొదలయ్యాక ప్లగ్గు దగ్గరికి వెళ్ళకూడదు. రిఖ్మన్ గుర్తున్నాడు కదూ! ఉరుములు వింటూనే తీగ కొస దగ్గరికి పరుగెత్తాడు. పిడుగు పోటు ఇంటి తీగల్లో ఉన్న క్షణంలో మీ చెయ్యి ప్లగ్గు మీద ఉంటే, దానికి మీరే భూమికి దారి అవుతారు. మన దేశంలో పిడుగులకు ఏటా 2,000 మందికి పైగా చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది పొలాల్లో, చెట్లకింద ఉన్నవారు. ఇంట్లోకి వచ్చి క్షేమంగా ఉన్నాక, టీవీ కోసం మళ్ళీ ప్రమాదాన్ని పిలుచుకోవడం తెలివైన పని కాదు.

ఉరుము వినబడితే ఇంట్లో ఉండండి. తీగ ఉన్న టెలిఫోను, చార్జింగులో ఉన్న సెల్‌ఫోను, కుళాయి ముట్టుకోకండి. చార్జింగులో లేని సెల్‌ఫోనుతో ఇంట్లో మాట్లాడితే భయం లేదు. ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగండి. వేసవిలో ఇల్లు తాళం వేసి వెళ్ళేటప్పుడు పొద్దున్నే టీవీ ప్లగ్గు పీకి వెళ్ళడం అలవాటు చేసుకోండి. సాయంత్రపు మబ్బు మనకు చెప్పి రాదు. పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ తయారుచేసిన 'దామిని' అనే ఆప్ దగ్గరలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులో ఉంచుకుంటే మంచిది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. పిడుగు పడింది చెట్టు మీదనే. కాని దాని అయస్కాంత క్షేత్రం గాలి గుండా, దాని వోల్టేజి నేల గుండా మన తీగల్లోకి వచ్చాయి. స్విచ్చి ఒక్క తీగనే తెంచింది. మిగిలిన తీగలు టీవీలో కలుసుకున్నాయి.

మీరే చేయండి

1. మీ ఇంటి బొమ్మ గీయండి. బయటినుంచి లోపలికి వచ్చే లోహపు తీగలన్నీ గుర్తించండి. ఒక్కొక్కటి ఏ వస్తువుకు చేరుతుందో రాయండి. రెండు తీగలు చేరే వస్తువుకు ఎర్రచుక్క పెట్టండి. మబ్బు పట్టినప్పుడు ముందుగా విడదీయవలసినవి అవే.

2. మెరుపు కనిపించిన 9 సెకన్లకు ఉరుము వినిపించింది. పిడుగు ఎంత దూరంలో పడింది? ధ్వని ఒక కిలోమీటరు పోవడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది.

3. పై లెక్కలో పిడుగు 100 మీటర్లకు బదులు 50 మీటర్ల దూరంలో పడితే వలయంలో ఎన్ని వోల్టులు పుడతాయి? టీవీ కేబులును కరెంటు తీగ పక్కనే లాగి వలయం వైశాల్యాన్ని 3 చదరపు మీటర్లకు తగ్గిస్తే?

జవాబులు: రెండో ప్రశ్నకు సుమారు 3 కిలోమీటర్లు. మూడో ప్రశ్నకు 1,800 వోల్టులు, ఆ తర్వాత 180 వోల్టులు. చూశారా, తీగలను దగ్గర దగ్గరగా లాగితేనే దెబ్బ పదోవంతుకు తగ్గింది!